నా కొత్త సంతకం

ఆ రోజుల్లో నాకు చదువు వంటబట్టిందో లేదో గానీ, ఆర్కిటెక్ట్‌నన్న గర్వం మాత్రం బాగా తలకెక్కింది. విశాఖలో ఐదేళ్ల కోర్సు ముగించి నర్సీపట్నం తిరిగొచ్చాను. రిజిస్ట్రేషన్ నంబరు చేతికొచ్చేదాకా ఆర్కిటెక్ట్‌నని చెప్పుకోకూడదు, ఆ హోదాలో ప్లాన్ల మీద సంతకం పెట్టకూడదు. (ఆ చట్టం మా అమ్మకి వర్తించలేదు, కూరగాయల బజారంతా చెప్పేసింది.) అమ్మకి అన్నయ్య, మా మావయ్య అయితే మాకవరపాలెంలో తాను కట్టబోయే ఇంటి ప్లాను మీద నా సంతకమే ఉండాలని పట్టుబట్టాడు. మూఢం వచ్చేలోగా శంకుస్థాపన జరగాలి. ముహూర్తానికి నెల్లాళ్లే ఉంది. ఆ సంతకానికి ఊళ్లో ఇంజినీరు గారి దగ్గరికి వెళ్లమని అత్తయ్య ఎంత పోరినా వినలేదు.

రిజిస్ట్రేషన్ కోసం ఢిల్లీ ఆఫీసుకి దరఖాస్తు ఆన్‌లైన్లో పంపడం పది నిమిషాల పని. కానీ నా సంతకం చూసుకుంటే నాకే నామోషీ వేసింది. పదో తరగతి నుంచీ అదే, పేరు మొత్తం గుండ్రంగా, కాపీ పుస్తకంలో రాసినట్టు. రేపు పెద్ద పెద్ద డ్రాయింగుల మీద పడాల్సిన సంతకం అలా ఉంటే ఏం బావుంటుంది? రెండు నోటు పుస్తకాలు ఖరాబు చేసి కొత్తది తయారుచేశాను. మొదటి అక్షరం ఇంటి కప్పులా లేచేది, చివరి గీత మెట్లు దిగేది. పేరు మాత్రం భూతద్దం పెట్టినా కనపడేది కాదు. దాన్నే స్కాన్ చేసి పంపాను.

రెండు వారాలకి దరఖాస్తు తిరిగొచ్చింది. సంతకం సర్టిఫికెట్ల మీదున్న దానితో కలవడం లేదు, సరిచేసి పంపమన్నారు. పాత సంతకం పెట్టి మళ్లీ పంపాను గానీ, సంగతి మావయ్యకి చెప్పడానికి నోరు రాలేదు. ఢిల్లీలో ఆలస్యమవుతోందన్నాను. అంతే, ఆయన కనిపించినవాళ్లందరి దగ్గరా ఢిల్లీని తిట్టడం మొదలుపెట్టాడు. ముహూర్తం వారంలోకి వచ్చేసరికి, మా పిల్లకి అన్యాయం జరుగుతోందని పెద్దవాళ్లకి మొర పెట్టుకుంటానంటూ, ఇస్త్రీ చొక్కా వేసుకుని నా దరఖాస్తు కాగితాల కోసం మా ఇంటికి వచ్చేశాడు.

ఇక దాచలేక అంతా చెప్పేశాను. నోటు పుస్తకం కూడా చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని పేజీలన్నీ ఓపిగ్గా తిప్పుతుంటే, ఇంతకన్నా నాలుగు తిట్టినా బావుండుననిపించింది.

“ఏటమ్మా ఇది, నీ పేరేది ఇందులో?” అన్నాడు చివరికి. “నా ఇంటి కాయితం మీద నీ పేరుండాలనే గదా ఇన్నాళ్లూ ఆగినాను.”

ఏడుపొచ్చింది నాకు. ముహూర్తం పోనివ్వొద్దని బతిమాలి, నేనే ఆయన్ని ఇంజినీరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నా ప్లానుని రెండు చోట్ల దిద్ది సంతకం పెట్టారు. శంకుస్థాపన వేళకే జరిగింది. నేను తలెత్తకుండా కొబ్బరిముక్కలు పంచాను.

నా నంబరు వచ్చేసరికి అక్కడ శ్లాబు కూడా వేసేశారు. చెబుదామని పరుగున వెళ్తే, పైన ఇనుప చువ్వలు బారెడేసి నిలబడి ఉన్నాయి. ఒక్క అంతస్తు చాలనుకున్న మనిషి మావయ్య! మేస్త్రీని అడిగితే, కోసేస్తామన్నా ఆయన ఒప్పుకోలేదని చెప్పాడు. “సువ్వలు వదిలీండి. పైన మా పిల్ల గీస్తాది, దాని నంబరు రానీండి” అన్నాడట. తుప్పు పట్టకుండా వాటికి సిమెంటు పాలు కూడా తనే పూశాడట.

ఆ పై గదుల ప్లాను మీదే నా మొదటి సంతకం పడింది. ఇప్పుడు మా ఆఫీసులో కొత్త పిల్లలెవరైనా వంకర టింకరగా సంతకం చేస్తే కోప్పడదామనుకుంటాను, ఇంతలో ఆనాటి అమ్మాయి గుర్తొచ్చి నవ్వొచ్చేస్తుంది. పాపం, పేరు కనపడకపోతేనే గొప్పదాన్నవుతాననుకుంది.