వేడెక్కితేనే పట్టే బ్రేకు

మా పక్క షెడ్డు అన్న పోయాడు. మంగళవారం పొద్దున భట్టీ వెలిగించి స్టూలు మీద కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడని పనివాళ్లు కేక వేస్తే పరిగెత్తాను. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. బ్రేకులు చేసేవాడి గుండెకే బ్రేకు పడిందని సాయంత్రానికల్లా ఎవడో ఫోన్లలో తిప్పాడు. వాడి నోట్లో మన్ను పడ. ఆయన సంగతి తెలియనివాడికే అలాంటి మాటలు వస్తాయి.

గుత్తి బయట, తాడిపత్రి రోడ్డులో ఆయన షెడ్డూ నా సీటు కవర్ల అంగడీ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. కార్లకూ మోటారు సైకిళ్లకూ గట్టి బ్రేకు ప్యాడ్లు చేసేవాడు. పొడులు కలిపి, అచ్చులో పోసి, వేడి మీద నొక్కి, భట్టీలో కాల్చేవాడు. బెంగళూరులో రేసులాడేవాళ్లు మనుషుల్ని పంపి మరీ తెప్పించుకునేవారు. ప్రతి కొత్త రకాన్నీ ముందు తన బండికే బిగించుకుని కోట దిగువ వాలులో తోలి చూసేవాడు. "పరిగెత్తించేది ఇంజను పనప్పా. మనిషిని ఇంటికి తెచ్చేది నా పని" అనేవాడు. మా అమ్మాయి స్కూటీకి బ్రేకులు తనే కూర్చుని మార్చేవాడు, మెకానిక్‌ను ముట్టనిచ్చేవాడు కాదు. రోజూ అది క్షేమంగా ఇల్లు చేరుతోందంటే అందులో ఆయన చెయ్యి ఉంది.

రేసు ప్యాడ్లకు ఒక గుణం ఉంది. బాగా కాగితేనే పట్టుకుంటాయి, చల్లగా ఉంటే జారతాయి. ట్రాకు మీద చుట్లు తిరిగి వేడెక్కించుకునేవాళ్లకే అవి. మన కుర్రాళ్లకు ఇదంతా ఎక్కదు. రేసుది కాబట్టి అన్నిటికన్నా గొప్పదని నమ్ముతారు. ఆయన కొడుకూ అంతే. కొత్త బండికి అవే కావాలని నెలల తరబడి వెంటపడ్డాడు.

"రోడ్డు మింద వద్దురా, సల్లగున్నప్పుడు పట్టవు" అని చెప్పీ చెప్పీ, చివరికి మెత్తబడి తన చేత్తోనే బిగించి ఇచ్చాడు. "బయల్దేరేటప్పుడు రెండుమూడు సార్లు బ్రేకేసి కాగనిచ్చుకోని పోరా" అని మాత్రం అన్నాడు. నేను అక్కడే ఉన్నాను.

చలికాలం పొద్దున, యాడికికి పోతూ ఊరు దాటాడో లేదో, గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. ఆ రోజు వాడు వేసిన మొదటి బ్రేకు అదే. పట్టలేదు. మందను తప్పించబోయి, పక్కన ఆగి ఉన్న బోరు లారీ కిందికి పోయాడు.

కొడుకు శవం ఇంటికి వచ్చినప్పుడు వదిన ఆయనతో ఒక్క మాటే అంది. "నీ చేత్తో ఇచ్చినావు." ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. అన్నం వండిపెట్టేది, బట్టలు ఉతికేది, జ్వరమొస్తే మాత్రలు తెచ్చి పక్కన పెట్టేది. మాట మాత్రం లేదు.

ఆయన రేసు ప్యాడ్ల అచ్చుల్ని గ్యాసుతో కోయించి పాత ఇనుములో వేశాడు. బెంగళూరు వాళ్లు ఎంత బతిమాలినా వినలేదు. నా అంగడికి సీటు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాడి బండి దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని చూసేవాడు. "యాడ కొన్యావప్పా ఇవి? రేసువి కాదు గదా?" వాళ్లు నవ్వుకునేవాళ్లు. ముసలాయనకు మతి చలించిందని నాతోనే చెప్పేవాళ్లు. వాళ్ల మాడు పగలగొట్టాలనిపించేది నాకు.

ఒకసారి టీ తాగుతూ ఆయనే కదిపాడు. "తిట్టమని చెప్పప్పా మీ వదినకు. కొట్టినా సరే. ఆమె గొంతు ఇంటే సాలు నాకు."

పోయి చెప్పాను. ఆమె నా ముందు కాఫీ గ్లాసు పెట్టి, "తాగు నాయనా" అని లోపలికి వెళ్లిపోయింది. చాలా కోపం వచ్చింది. ఆమె కడుపుకోత నాకు తెలియక కాదు. కానీ ఆయన రోజురోజుకూ ఎండిపోవడం చూస్తున్నది నేను.

బుధవారం ఆయన్ను వ్యానులో పెట్టారు. డ్రైవరుకు ఇంకో ఊళ్లో పిలుపు ఉందట, ఇంజను ఆపకుండానే హారన్ కొడుతున్నాడు. వదిన గడప దిగి, మమ్మల్నందరినీ దాటుకుని అతని కిటికీ దగ్గరికి పోయింది.

"మెల్లగా తోలప్పా. ముందర మలుపు ఉండాది. మా ఇంటాయన ఉండాడు దాంట్లో."

నేను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. వ్యాను నడక వేగంతో కదిలింది. ఆమె వెనక తలుపు మీద చెయ్యి ఆనించి మలుపు దాకా నడిచింది.