అరచేతిలో పోసిన పప్పు

మా మెస్ వంటాయన పోయారని మొన్న మంగళవారం తెలిసింది. ఇక్కడ టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్ ముందు కార్ పార్క్ చేస్తున్నాను. రంజాన్ ఇంకో వారంలో ఉందని గుమ్మం దగ్గరే ఖర్జూరం డబ్బాలు పేర్చి పెట్టారు. ఫోన్‌లో మా పాత క్యాంప్ వాట్సాప్ గ్రూప్ మోగింది. ఒకప్పటి మా వెల్డర్ గొంతు: "మన భాయ్ పోయిండు సార్. కడపల, నిన్న పొద్దుగాల. గుండె ఆగిందంట." ఆ వెంటనే వరసగా దండాల బొమ్మలు. నేను ఏమీ కొనకుండానే అపార్ట్‌మెంట్‌కి తిరిగి వచ్చేశాను.

అమెరికా రాకముందు గల్ఫ్‌లో మూడేళ్ళు పైప్‌లైన్ పనిలో ఇంజనీర్‌గా చేశాను. ఊరికి దూరంగా, ఇసుకలో మా క్యాంప్. అక్కడ మాకు వండిపెట్టింది ఆయనే. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. నన్ను సార్ అనడానికి "సా" అనేవారు, నేను "భాయ్" అనేవాణ్ణి. చేతులు ఖాళీగా ఉంటే ఆయనకు తోచేది కాదు. మాట్లాడుతూనే బియ్యంలో రాళ్ళు ఏరేవారు.

నా మొదటి రంజాన్ దగ్గరపడుతుంటే ఉపవాసం లేని మా అందరికీ ఒకటే దిగులు, పగటిపూట తిండి ఎలా అని. ఆ నెలలో నలుగురిలో మంచినీళ్ళు కూడా తాగకూడదు. మా క్యాంప్ మేనేజర్ పగలు మెస్ మూసేస్తున్నట్టు నోటీసు అంటించాడు. అతను అక్కడివాడేమీ కాదు, మన తెలుగువాడే, ఉపవాసం లేనివాడే. మేం గదుల్లో గొణుక్కున్నామే తప్ప ఒక్కరం నోరెత్తలేదు. వెళ్ళి అడిగింది భాయ్. వెనక స్టోర్ గది ఇప్పించుకుని, కిటికీలకు సిమెంట్ సంచులు కట్టి, ముప్పై మందికి మధ్యాహ్నం వంట తానే చేస్తానన్నారు.

"మీరు ఒక్కపొద్దుండి మాకు వండడమేంటి భాయ్?" అన్నాను.

"నా ఒక్కపొద్దు నాది సా. దానికి మీ కడుపులెందుకు మాడాల?" అన్నారు.

చిక్కల్లా ఉప్పుతోనే, ఒక్కపొద్దుతో రుచి చూడలేరు. "నాలిక మీద పెట్టుకోని ఊంచేయొచ్చంటారు పెద్దలు. నాకే మనసొప్పదు సా," అని ఉప్పు చూసే పని నాకు అప్పగించారు. రోజూ పదకొండున్నరకి గరిటెతో నా అరచేతిలో కాస్త పోసి, మొహం పక్కకు తిప్పుకుని నిలబడేవారు. నేను రవ్వంత పడాలంటే వేసేవారు, సరిపోయిందంటే మూత పెట్టేవారు. నా ఒక్క మాట మీద ముప్పై మంది అన్నం తినేవాళ్ళు. సైట్‌లో నేను పెట్టే సంతకాలకు కూడా అంత విలువ ఉండేది కాదు.

రెండో ఏడాది రంజాన్ సగంలో ఒక రోజు సరిగ్గా ఆ వేళకే హైదరాబాద్ కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. నా అమెరికా వీసా ఇంటర్వ్యూ ఖాయమైంది. అరచేతిలో పప్పు ఉంది, చెవిలో అమెరికా ఉంది. నోట్లో వేసుకోకుండానే "సరిపోయింది భాయ్" అన్నాను.

హడావిడిలో ఆయన రెండుసార్లు వేశారో ఏమో, పప్పు ఉప్పు కషాయం. ఎండలోంచి వచ్చిన మనుషులు కంచాలు తోసేశారు. మేనేజర్ వచ్చి అరిచాడు. "ఒక్కపొద్దున్నోడు వండుతానంటే నేను ముందే వద్దన్నాను. రేపట్నించి సైట్‌కి పంపించండి." నేను అక్కడే ఉన్నాను. 'ఉప్పు చూడాల్సింది నేను సార్' అంటే సరిపోయేది. అనలేదు. అమెరికా వెళ్ళాలంటే ఆ మేనేజర్ నాకు ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వాలి.

రంజాన్ అయ్యేదాకా, సైట్‌లో రేకుల షెడ్డు చాటున తాగే మాకు భాయ్ ఎండలో మంచినీళ్ళ క్యాన్లు మోశారు. పెదాలు పగిలిపోయి ఉండేవి. నాకూ గ్లాసు అందించారు. సిగ్గు లేకుండా తాగాను.

పండగ తర్వాత ఆయన్ను మళ్ళీ వంటకు పెట్టుకున్నారు, ఆయనలా వండేవాడు దొరక్క. నేను క్యాంప్ వదిలే రోజు నాకోసం పప్పు చేసి, అలవాటుగా గరిటె పట్టుకొచ్చారు.

"ఇప్పుడు రంజాన్ కాదు కదా భాయ్, మీరే చూసుకోవచ్చు."

"చూసుకోవచ్చు సా. ఈసారన్నా నోట్లో ఏసుకోని చెప్పు." నవ్వుతూనే అన్నారు.

ఇర్వింగ్ వచ్చి పదేళ్ళు. ప్రతి రంజాన్‌కీ ఫోన్ చేసి తప్పు ఒప్పుకోవాలనుకున్నాను. ముబారక్ అని మెసేజ్ పెట్టి ఊరుకున్నాను.

మంగళవారం గ్రూప్‌లో ఆ మేనేజర్ కూడా రాశాడు: "భాయ్ చేతి వంట అమృతం. గొప్ప మనిషి." నాకు ఒళ్ళు మండింది. 'ఆ రోజు పప్పులో ఉప్పు తప్పు నాది, భాయ్‌ది కాదు' అని టైప్ చేసి పంపించాను. "పాత సంగతులు ఇప్పుడెందుకు బాబూ, వదిలేయ్" అన్నాడు. దాని కింద ఆరేడుగురు బొటనవేళ్ళు ఎత్తారు. నన్ను తిట్టడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

మీకు ఇంకొకటి చెప్పాలి. ఆ రోజు ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, సరిపోయిందని చెప్పి, అరచేతిలో పప్పు కుళాయి కింద కడిగేసుకున్నాను. తలెత్తేసరికి భాయ్ మొహం ఇటే తిరిగి ఉంది. నా వేళ్ళ మధ్య నుంచి కారుతున్న పసుపు నీళ్ళ వైపు చూస్తున్నారు. నా మాట మీద మూత పెట్టారు.