కలిసొచ్చిన నంబరు

నంద్యాల జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది, శనగ విత్తే అదునులో నన్ను అక్కడి జోనల్ ఆఫీసుకు పంపారు. మాది ఒక ప్రైవేటు విత్తన సంస్థ. నేను సీనియర్ నెట్‌వర్క్ ఇంజనీరును, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాను. రైతులు విత్తనాలు బుక్ చేసుకునే వెబ్ సర్వరు ఆ ఆఫీసులోనే ఉండేది. అది కాసేపు పలికేది, కాసేపు పలికేది కాదు.

ఫిర్యాదులు ఎక్కువగా ఆళ్లగడ్డ కేంద్రం నుంచి వచ్చేవి. అక్కడి ఆపరేటరు లక్ష్మీదేవి కాంట్రాక్టు ఉద్యోగి. ఆమె తనవాళ్ల కోసం విత్తనాలు దాచిపెట్టి, నెపం సర్వరు మీద వేస్తోందని జోనల్ మేనేజరు తేల్చేశాడు. ఫోన్ చేస్తే ఆమె ఏడుపు ఆపుకుంటూ మాట్లాడింది. "రైతులు ఈడ తిడతాండారు సార్. ఆడ మేనేజర్ సార్ తీసేస్తా అంటాండాడు. పేజీ తెరుచుకోకుంటే నేనేం చేసేది?"

యంత్రాన్ని ముట్టుకోకుండానే మనిషిని దోషిని చేసే పద్ధతి చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. కేబులు మార్చాను. స్విచ్‌లో, అంటే ఆఫీసు తీగలన్నీ వచ్చి కలిసే పెట్టెలో, పోర్టు మార్చాను. ఫలితం లేదు. అయితే మేనేజరు క్యాంపుకు వెళ్లినప్పుడు మాత్రం సర్వరు బుద్ధిగా పనిచేసేది. ఆయన తన గదిలో కరెంటు మెయిన్ స్విచ్ ఆర్పి, తాళం వేసుకుని మరీ వెళ్లేవాడు.

నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ మనం ఐపీ అనే చిరునామా ఇస్తాం. తయారీలోనే పడే మ్యాక్ నంబరు వేరే ఉంటుంది. ఏ ఐపీకి ఏ మ్యాక్ జవాబిస్తోందో ఏఆర్‌పీ పట్టిక చూపిస్తుంది. మేనేజరు గదిలో ఉన్న సమయంలో దాన్ని మళ్లీ మళ్లీ చూశాను. సర్వరు ఐపీకి ఒకసారి సర్వరు, మరోసారి ఇంకేదో యంత్రం జవాబిస్తోంది. ఒకే ఇంటి నంబరు రెండిళ్లకు రాస్తే ఉత్తరాల గతి ఏమవుతుందో ఇక్కడా అదే. ఆ రెండో యంత్రం తీగ పట్టుకుని వెళ్తే మేనేజరు బల్ల కింద సీసీ కెమెరాల రికార్డరు దగ్గర తేలాను.

కెమెరాలు బిగించినవాడు రికార్డరుకు పెట్టిన ఐపీ నంబరును ఈయనే పట్టుబట్టి మార్పించాడట. "చివర నలభై అయిదప్పా, కూడితే తొమ్మిది. నా కారూ తొమ్మిదే, ఫోనూ తొమ్మిదే. సర్వరు ఇన్నేండ్లు ఆ నంబరుతోనే బాగ నడిచింది గదా, కలిసొచ్చే నంబరని నేనూ పెట్టించుకుంటి" అన్నాడు.

రికార్డరు తీగ పీకేశాను. సర్వరు నిలబడింది. ఇక ఆళ్లగడ్డకు ఫోన్ చేసి లక్ష్మీదేవికి క్షమాపణ చెప్పమని మేనేజరుతో అన్నాను.

"ఆయమ్మను పొద్దున్నే తీసేస్తిమి. ఇప్పుడు సర్వరు బాగైంది. ఆమె పోయినందుకే బాగైందని అందరూ అనుకుంటారు, అనుకోనీలే."

నా ఉద్యోగంలో పై అధికారి ముందు బల్ల గుద్దింది ఆ ఒక్కసారే. సిగ్గు లేదా అని అడిగాను. ఆయన గదిలోనే కూర్చుని హెడ్డాఫీసుకు రిపోర్టు రాశాను. మొదటి వాక్యంలోనే లక్ష్మీదేవి తప్పేమీ లేదని రాశాను.

వారం తిరక్కుండా ఆమెను వెనక్కి రమ్మన్నారు. ఆమె వెళ్లలేదు. "ఊరి రైతులందరి ముందర దొంగను చేస్తిరి సార్. మళ్లా ఆ కుర్చీలో ఏ మొగం పెట్టుకుని కూసోవాల?" అని నాతో ఫోన్‌లో అంది. మేనేజరు మాత్రం తన కుర్చీలోనే కొనసాగాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది.

కనెక్షను వచ్చిపోతుంటే, ఆ చిరునామాకు ఎన్ని యంత్రాలు జవాబిస్తున్నాయో ముందు చూడాలి. అది తేలేదాకా ఎవరినీ ఉద్యోగం నుంచి తీసెయ్యకూడదు. ఇందులో మొదటిది శిక్షణలో చెప్తారు. రెండోది నేను నంద్యాలలో నేర్చుకున్నాను.