వెనక్కి నడవమన్నవాడు

మా హవల్దారుది చీపురుపల్లి దగ్గర పల్లె. నాది గజపతినగరం పక్క. తమిళులూ మలయాళీలూ ఎక్కువగా ఉన్న పటాలంలో మా ఇద్దరి యాస ఒకటే కావడంతో, చేరిన వారంలోనే ఆయన నాకు మావ అయిపోయాడు. హవల్దారంటే ఆఫీసరు కాదు. పదిమంది సిపాయిలకు పెద్ద, ఆఫీసరు చెప్పిన పని వాళ్ళ చేత చేయించేవాడు. ఆ పదిమందిలో నేను నాయక్‌ని, ఆయన తర్వాతివాణ్ణి.

మేం మంచుకొండల్లో సరిహద్దు పోస్టులో ఉండగా మా కంపెనీకి కొత్త మేజరు వచ్చాడు. అంతకుముందు గస్తీ ఆపాలన్నా, దారి మార్చాలన్నా రేడియోలో కింది శిబిరాన్ని అడగాల్సిందే. గాలి లేచిందంటే రేడియోలో గరగర తప్ప మాట వినపడేది కాదు. జవాబు కోసం మంచులో నిలబడి కాలివేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు మాలో ఉన్నారు. కొత్త మేజరు హవల్దార్లందరినీ కూర్చోబెట్టి, ఇకమీదట కొండ మీద ఉన్నవాడిదే నిర్ణయమన్నాడు. నన్ను అడగక్కర్లేదు, మీరేం చేసినా మీ వెనక నేను నిలబడతాను అన్నాడు.

మాకు సంతోషమే అయింది. మావ మాత్రం ఆ సాయంత్రం టీ మగ్గు పట్టుకుని పక్కకెళ్ళి కూర్చున్నాడు. ఏమిటని అడిగితే నెమ్మదిగా అన్నాడు.

"అడిగితే ఆలీసమవుతాది, నిజమే. కానీ అడిగినోడికి ఒక సాటు ఉంటాది. ఇప్పుడా సాటు తీసీసినారు."

అయినా ఆ బాధ్యతను తేలిగ్గా తీసుకోలేదు. గస్తీ ఉన్న రోజు మాకంటే ముందే లేచి వెళ్ళి ఏటవాలు చూసొచ్చేవాడు. బయలుదేరే ముందు ఒక్కొక్కడినీ ఎలా ఉన్నావని అడిగి, జవాబు చెప్పేటప్పుడు ముఖంలోకి చూసేవాడు.

మా యాసవాళ్ళలో మూడోవాడు ఒక సిపాయి, అతనిదీ గజపతినగరం అవతలి ఊరే. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. ఆమెకు అదే ఊళ్ళో పెళ్ళి చేశారు. గోగునార పంట వేసే కుటుంబం. ఫోను దొరికిన రోజున అతను అక్కతో మాట్లాడేదంతా తిండి గురించే. సెలవుకొస్తే ఏ రోజు ఏం వండాలో చెబుతుంటే మేమంతా చుట్టూ చేరి నోరూరించుకునేవాళ్ళం. పక్కా మాటకారి. మంచులో నడుస్తూ కూడా ఊరుకునేవాడు కాదు.

ఆ రోజు వాతావరణం బాగానే ఉంది. పై పోస్టుకు సామాను చేర్చి తిరిగొస్తున్నాం. ఒక వాలుకు అడ్డంగా తాడు కట్టుకుని నడుస్తుండగా పైనుంచి పెద్ద గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. తలెత్తేలోగా మంచు మా మీదుగా పోయింది. నేను నడుము దాకా కూరుకుపోయాను. చివర్లో నడుస్తున్న ఇద్దరు కనపడలేదు. తాడు తెగిపోయింది.

ఒకతని చెయ్యి పైకి కనిపించడంతో తవ్వి లాగాం. ఊపిరి ఉంది, కాలు విరిగింది. రెండోవాడే ఆ మాటకారి. పొడవాటి కడ్డీలతో మంచులో గుచ్చుకుంటూ వెతికాం, పారలతో తవ్వాం, పేరు పెట్టి అరిచాం. ఎంతసేపు గడిచిందో తెలియదు గానీ నా చేతులకు స్పర్శ పోయింది. అప్పుడు మావ తన పార పక్కన పడేసి పైకి చూశాడు. నేనూ చూశాను. మా నెత్తి మీద వాలులో ఇంకో పెద్ద మంచు పలక పగిలి, కిందికి జారి, వేలాడుతున్నట్టు ఉంది.

"ఆపీండి," అన్నాడు. "ఎనక్కి నడవండి."

నేను వినలేదు. ఇంకొంచెంసేపు తవ్వుదాం మావా అన్నాను. ఆయన వచ్చి నా చేతిలో పార లాక్కున్నాడు. ముఖంలో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది.

"ఆడొకడు. ఇక్కడ మనం ఇంతమందిమి. నడు."

మంచు మీద పడ్డాక రేడియో పనిచేయడం లేదు. పనిచేసినా ఆయన అడిగి ఉండేవాడు కాదనుకుంటాను. కాలు విరిగినవాణ్ణి మోసుకుంటూ వచ్చేశాం. దారి పొడవునా నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ఆ పలక విరగలేదు. ఆ సాయంత్రం వరకూ విరగలేదు. మరునాడు పొద్దున్న సహాయక బృందం బయలుదేరేలోపు విరిగిపడి, మేం తవ్విన చోటంతా కప్పేసింది.

చాలా రోజుల తర్వాత అతను దొరికాడు. తీసినవాళ్ళలో నేనూ మావా ఉన్నాం. మోచేతులు వంచి, రెండు అరచేతులూ ముఖానికి ముందు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఊపిరి కోసం కాస్త ఖాళీ చేసుకున్నాడన్న మాట. ఎంతసేపు బతికి ఉంటాడని డాక్టరును అడిగాను. చెప్పలేం అన్నాడు. మావ అడగలేదు.

విచారణ జరిగింది. మేజరు తన మాట తప్పలేదు. ఆ అధికారం ఇచ్చింది నేనే, అతని స్థానంలో ఎవరున్నా చేయాల్సింది అదే అని చెప్పాడు. మావ మీద ఏ మచ్చా పడలేదు. శవంతో ఊరికి వెళ్ళేందుకు ఎవరిని పంపాలని చూస్తుంటే నేనే వెళ్తానని ఆయనే ముందుకొచ్చాడు. తోడుగా నన్ను పంపారు.

విశాఖలో దిగి, పెట్టెతో బండిలో విజయనగరం మీదుగా ఊరికి చేరేసరికి రోడ్డుకు రెండు పక్కలా జనం. జెండాలు, నినాదాలు. ఇంటి ముందు పెట్టె దించాం. అక్క పెట్టె పక్కన కూర్చుని దాని మీద చెయ్యి వేసింది. ఏం జరిగిందో పూర్తిగా చెప్పమంది. మావ చెప్పాడు. వినేదంతా విని తలెత్తింది.

"వదిలీసి వచ్చీమని ఎవులు సెప్పినారు?"

పై నుంచి ఆర్డరు వచ్చిందంటే సరిపోయేది. నేను ఆ మాట అనబోయాను కూడా. మావ ముందే అన్నాడు.

"నేనే సెప్పినానమ్మా."

ఆమె ఆయన వైపు తిరిగింది. ఏ ఊరని అడిగింది. చీపురుపల్లి కాడ అన్నాడు.

"మనోడివేనా," అంది. "అయితే నువ్వు ఈ పెట్టెని ముట్టుకోవద్దు."

ఊరి పెద్దలు సర్దిచెప్పబోయారు, పటాలం తరఫున వచ్చిన మనిషి, అలా అనకూడదన్నారు. ఆమె పెట్టె మీద చెయ్యి తీయలేదు. మావ నాకు కళ్ళతో సైగ చేసి పక్కకు తప్పుకున్నాడు. ఆయన మొయ్యాల్సిన చోట నేను భుజం పెట్టాను. వల్లకాటి దాకా జనమంతా నడిచాక, చివరన, ఎవరికీ తగలకుండా ఆయన నడిచాడు. తుపాకులు పేలినప్పుడు దూరంగా పొలం గట్టు మీద నిలబడి సెల్యూట్ చేశాడు.

తిరుగుదారిలో నాకు కోపమొచ్చింది. ఎందుకు చెప్పావు, ఆ మాటతో ఆమెకేం ఒరిగిందని అడిగాను.

"కొండ మీద పెద్దోణ్ణి నేనే, ఆళ్ళింటి కాడ మాత్రం నాకేటీ తెల్దంటే ఎలాగరా?" అన్నాడు.

ఆ తర్వాత కంపెనీలో చాలామంది హవల్దార్లు మళ్ళీ ప్రతిదీ రేడియోలో అడగడం మొదలుపెట్టారు. మేజరు వద్దన్నా అడిగేవాళ్ళు. మావ మాత్రం అడగకుండానే తన పని తాను చేసుకుపోయి, సర్వీసు ముగించుకుని ఇంటికొచ్చేశాడు. నేనూ హవల్దారునై, ఒకసారి మబ్బు చూసి గస్తీ ఆపేశాను. ఆ రోజంతా ఎండ కాసింది. నన్నెవరూ ఏమీ అనలేదు.

మొన్నామధ్య చీపురుపల్లి స్టేషన్‌లో ఆయన కనిపించాడు. భార్యను విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. బల్ల మీద పక్కన కూర్చున్నాను. ఆ అక్క ఇంటికి మళ్ళీ వెళ్ళావా అని అడిగాను. ఒకసారి వెళ్ళాడట. ఆమె గుమ్మంలోంచే చూసి లోపలికి వెళ్ళిపోయిందట. ఆవిడ తప్పేమీ లేదన్నాడు. తర్వాత నేనడక్కుండానే అన్నాడు.

"ఆ పలక ఆ రోజు ఇరగనేదు. అది నాకు ఎరికే. మళ్ళీ అదే రోజొస్తే మళ్ళీ నడవమనే సెప్తాను. సెప్పినాక ఇలాగే ఉంటాది."

రైలొచ్చింది. ఆయన భార్యను జాగ్రత్తగా ఎక్కించి, తనూ ఎక్కి, కిటికీ వైపు తిరగకుండా కూర్చున్నాడు.