పైకి చూడు మా

ముదిగుబ్బ పక్కన ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో నేను స్టాఫ్ నర్సును. నాకు నోరు పెద్దదని పేరు. ఉండనీ, ఆ పొద్దు ఆ నోరే అక్కరకొచ్చింది.

ఆ యేడు మా ఆసుపత్రికి ఒక ట్యాబు ఇచ్చినారు. మన దేశం మెడికల్ కాలేజీ ఒకటి, సముద్రాలవతల మెడికల్ యూనివర్సిటీ ఒకటి కలిసి పాముకాట్ల మీద పని పెట్టుకున్నాయి. శెనక్కాయ చేన్లలో మనుషులు ఎట్ల పోతాండారో మనకు తెలుసు, ఎట్ల కాపాడాలో వాళ్ళకు తెలుసు, రెండూ ఒకచోట చేరితే మేలని. పాము కరిచిందని అనుమానమొస్తే ట్యాబు తెరిచి పిలవల్ల. ఆ పక్క నుంచి పెద్ద డాక్టర్లు ఇద్దరు కనపడి, మా డ్యూటీ డాక్టరమ్మకు దారి చెప్తారు. నాకైతే మొదట్లో ఇదంతా ఫొటోల కోసం చేసే పనిలే అనిపించింది. ఒక పొద్దున ఆ ట్యాబు ముందర మాయమ్మే పండుకోనుంటాదని నేను కలగన్నానా?

పీకిన శెనక్కాయ కుప్పకు కాపలా అని అమ్మ కళ్ళంలో నేల మీదనే పండుకుంది. తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతి. మా పెదనాయన, అంటే పోయిన మా నాయనకు అన్న, జీపులో వేసుకోని తెచ్చినాడు. ఊర్లో సగం పనులు ఆయన మాట మీదనే నడుస్తాయి.

"పామూ లేదు గీమూ లేదు. గాటు యాడన్నా ఉండాదా?" అన్నాడు వస్తూనే. "మా ఇంటామెకు చెప్పి ఈమె చేత యాపాకు కూడా నమిలించినా. చేదుగానే ఉండాదనిందంట. విషమెక్కింటే చేదు తెలుస్తాదా? ఇది గ్యాసు. ఒక సూదేసి పంపీండి."

యాపాకు పరీక్ష మా పక్క తాతల కాలం నాటిది. కట్లపాము సంగతే వేరు. అది కరిస్తే గాటు కనపడదు, వాపు రాదు. ముందు కడుపు నొస్తాది, తర్వాత రెప్పలు వాలతాయి, ఆ తర్వాత ఊపిరి నిల్చిపోతాది. రెప్పలు వాలతాండాయని తెలిసిన గడియలోనే విరుగుడు మందు ఎక్కించల్ల. అట్లని అనుమానానికే ఎక్కించేది కాదు. ఒంటికి పడకపోతే ఆ మందే మనిషిని పడేస్తాది.

ట్యాబులో ఒక గడిలో తెల్లజుట్టు పరదేశం డాక్టరమ్మ, ఇంకో గడిలో మన కాలేజీ సారు. రోగిని పైకి చూడమనండి, చూస్తానే ఉండమనండి అని ఆమె ఏలు ఎత్తి చూపించింది.

"మా, పైకి చూడు," అన్నా.

అమ్మ చూడలేదు. మంచం కాళ్ళ దగ్గర పెదనాయన నిలబడి ఉండాడు. పెండ్లయి ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి అమ్మ బావగారి ముందర తలెత్తింది లేదు, ఒక మాట మాట్లాడింది లేదు. ఆయన వాకిట్లోకొస్తే ఆమె తలుపు చాటుకు పోతాది. మా ఇండ్లలో అది మర్యాద.

"రెప్పలు వాలినట్టున్నాయి సార్," అంది మా డాక్టరమ్మ.

సారు కొంచేపు చూసినాడు. ఆ నిలబడిన పెద్దాయన ఆమెకు బావగారై ఉంటాడని, ఈ పక్క ఆడవాళ్ళు అట్లాంటోళ్ళ ముందర కండ్లెత్తరని, దాన్ని విషం గుర్తు అనుకోవద్దని పరదేశం ఆమెకు ఇంగ్లీషులో విడమర్చినాడు. ఆమె పాపం మంచి మనిషి. వాళ్ళ పద్ధతిని గౌరవిద్దాం, కొంచేపు చూద్దాం అనింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. సారు చెప్పింది అబద్ధమైనా బాగుండు, తిట్టుకుందును. రెండు దేశాల చదువూ కలిసి మాయమ్మ మర్యాదను కాపాడతాండాది, మరి ఊపిరిని ఎవురు కాపాడల్ల? అమ్మ గుటక మింగేదానికి కూడా కష్టపడతాండాదని నాకనిపిస్తాంది. కన్నబిడ్డను కదా, నా కండ్ల మీద నాకే నమ్మకం లేదు.

"పెదనాయనా, బయటికి పో," అన్నా.

"ఏమే?"

"బయటికి పో అంటాండా. నువ్వు ఈడుంటే మాయమ్మ చస్తాది."

ఆయనతో అట్ల మాట్లాడినోళ్ళు మా ఊర్లో ఎవురూ లేరు. మొగం మాడ్చుకోని నన్నొక చూపు చూసినాడు. "నాలుగక్షరాలు వస్తే కండ్లు నెత్తికెక్కుతాయి," అని, టవలు దులిపి భుజానేసుకోని పోయినాడు. నేను తలుపుకు గొళ్ళెం పెట్టినా.

అమ్మ చెవి దగ్గరికి వంగినా. "మా, పోయినాడు. ఎవురూ లేరు. నేనే. ఇప్పుడు చూడు."

అమ్మ చూడాలనే చూసింది. నొసటి మీద మడతలన్నీ పైకి లేచినాయి. కనుబొమ్మలు లేచినాయి. రెప్పలు మాత్రం లేవలేదు.

ట్యాబులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడినారు. ఏమన్నారో నాకినపడలేదు, మా డాక్టరమ్మ అప్పటికే మందు కలుపుతాంది. అంబులెన్సులో అనంతపురం పోతా ఉంటే అమ్మకు ఊపిరి నిల్చిపోయింది. దావ పొడుగునా మాస్కు పెట్టి, ఊపిరాడించే గాలిసంచి నేనే పిసికినా. భయానికి గబగబా పిసుకుతాంటే, "మెల్లగా, మెల్లగా," అని పరదేశం ఆమె మాతో తెచ్చుకున్న ట్యాబులోంచి చెప్తానే ఉండింది. ఆ ఒక్క తెలుగు ముక్క ఆమె ఎప్పుడు నేర్చుకుందో, ఎవురి కోసం నేర్చుకుందో నేను ఇప్పటికీ అడగలేదు.

అమ్మ బతికింది. కండ్లు చూసే ముందు ఇంటి పెద్దోళ్ళను బయటికి పంపల్లని ఇప్పుడు ఆ రెండు కాలేజీల వాళ్ళూ అందరికీ నేర్పిస్తాండారు.

పెదనాయన మాత్రం నాతో మాటలు మానుకున్నాడు. అమ్మ ఇంటికొచ్చినాక ఒక సాయంత్రం వాకిట్లోకొచ్చి నిలబడినాడు. తలుపు చాటుకు పోయే సత్తువ లేక అమ్మ మంచం మీదనే కండ్లు దించుకుంది. ఆ వాలిన రెప్పలు చూస్తానే నేను మంచం దగ్గరికి ఉరికినా. విషం పోయిందని తెలుసు. నర్సును, నాకు తెలీకేం. అయినా ఆగలేక ఆయన ముందరే, "మా, ఒకసారి పైకి చూడు మా," అన్నా.

అమ్మ చూడలేదు.

ఆయన గోడ పక్కకు తిరిగి, మాకు వీపు పెట్టి, ఇన్నేండ్లలో మొదటిసారి మాయమ్మతో నేరుగా మాట్లాడినాడు.

"చూడుమ్మా. నేను ఇటు తిరుక్కున్నా. బిడ్డ భయపడతాండాది."

అమ్మ కండ్లెత్తింది.