చొక్కా లోపలి బెల్టు

ఇప్పుడు నిశ్చింతగా చెబుతున్నాను గానీ, ఆ వేసవిలో నా ప్రాణం నా చేతుల్లో లేదు.

గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోసే ముఠా మాది. నడుముకి దన్నుగా ఉంటాయని యజమాని తలా ఒక బెల్టు తెప్పించాడు. బాలింతల నడికట్టులా ఉందని నవ్వుకుని మేకులకి తగిలించాం. మేస్త్రి ఒక్కడే, మనవరాలు ఆడుకుంటుందంటూ తనది ఇంటికి పట్టుకెళ్లాడు.

అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అప్పటికి రెండు నెలలుగా గోడ పట్టుకుంటే గానీ మంచం దిగలేకపోతున్నాను. ఆ సంగతి తెలిస్తే ఇక నా వీపు మీద టిక్కీ పెట్టరు, గోతాలు కుట్టుకోమంటారు. ఆ మాట తలుచుకుంటేనే తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు అందరికంటే ముందెళ్లి, బెల్టు తీసి చొక్కా లోపల ఒంటిమీదే కట్టుకున్నాను. మొదటి లారీ దించేదాకా హాయిగానే ఉంది. రెండో లారీకి చెమట పట్టింది. కారం దుమ్ము ఆ చెమటతో కలిసి బెల్టు కిందకి దిగింది. ఇరవై ఏళ్లుగా మిరపకాయల్లో బతుకుతున్నవాడికి ఆ మాత్రం ముందే తట్టొద్దూ? పళ్లు బిగపట్టి నాలుగు టిక్కీలు మోశాను. ఐదోది లారీ పక్కనే పడేసి, చొక్కా విప్పి, బెల్టు పీకి పారేసి కుళాయి దగ్గరికి పరిగెత్తాను.

ముందు నవ్వారు. తర్వాత బెల్టు ఎందుకు కట్టానో అందరికీ అర్థమైంది. నా పని అయిపోయిందనుకున్నాను.

మేస్త్రి దగ్గరికొచ్చాడు. మా అందరిలోకీ పెద్దవాడు, ఎవరు ఏం మోయాలో చెప్పేది ఆయనే. నన్నేమీ అడగకుండా తన చొక్కా పైకెత్తాడు. లోపల బెల్టు. దానికింద తుండుగుడ్డ. గుడ్డ కొంచెం జరిపితే, ఎర్రగా కందిన చారలు.

"మొదట్లో నేనూ ఒంటిమీదే కట్టి కాల్చుకున్నాన్రా. తుండు చుట్టి దానిమీద కట్టు, మంటుండదు."

"చొక్కా కింద ఎత్తుగా కనపడుద్ది కదా బాబాయ్."

"కనపడనీ."

అని, తన బెల్టు విప్పి అందరూ చూస్తుండగా చొక్కా మీద బిగించుకున్నాడు. నేనూ అలాగే కట్టుకున్నాను. బతికిపోయాననిపించింది. ఇంకొకణ్ణి సాయం పిలిచి, నేను పడేసిన ఆ ఐదో టిక్కీని ఆయనే ఎత్తి నా వీపు మీద పెట్టాడు.