బర్మా వరుస, ఘనా వరుస

మా డిపో మేస్త్రి పోయారు. పొద్దున నేను వెళ్లేసరికి కోత మిషన్ ఆగి ఉంది. "మేస్త్రి ఇగ లేడమ్మా, రాత్రి దవాఖానల పానం పోయింది" అన్నాడు మిషన్ నడిపే అతను. ఎల్బీనగర్‌లోని ఈ కలప డిపోలో ఆర్డర్లు రాసే నాకు కట్టెను చూడడం నేర్పింది ఆయనే.

ఆఫీసు గోడకు ఆయన కొట్టిన చెక్కముక్కలు రెండు వరుసలున్నాయి. పైది బర్మా టేకు, కిందది ఘనా టేకు. రేవు నుంచి లారీ వచ్చినప్పుడల్లా ఒక ముక్క కోసి, ఏ ఏడాదో రాసి మేకు కొట్టేవారు. నేను చేరినప్పుడు పై వరుసే పొడుగు. తర్వాత అది ఆగి ఆగి నడిచింది. కిందిది గోడ మలుపు తిరిగి కిటికీ దాకా పోయింది. ఎవరైనా బర్మానే కావాలంటే నవ్వేవారు. "పాత బర్మా వేరు, ఇప్పటి బర్మా వేరు. దేశం కాదు, చెట్టు వయసు అడుగుండ్రి." అయినా అడిగిందే ఇవ్వాలనేవారు.

ఒకసారి తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టుకుంటున్న కుటుంబం ముందు ద్వారబంధానికి, అంటే మా దర్వాజకు, బర్మా టేకు అడిగింది. దుంగ చివర బర్మాకు ఎరుపు, ఘనాకు నీలం పూస్తాం. కొలతకు కోస్తే ఆ రంగు చివరి ముక్కతోపాటే పోతుంది, వెంటనే మళ్లీ పూయాలి. నేను టీ తాగొచ్చి, చూపుతోనే పోల్చుకుని ఎరుపు పూశాను. అంతా తెలుసన్న పొగరు.

దర్వాజ ఎత్తే రోజు పొద్దున మేస్త్రి, గోడకు కొడదామని దాచిన ఆ చివరి ముక్కను తీశారు. నీలం ఉంది. నేను బర్మా అని పంపింది ఘనా కట్టె.

"పసుపు ముట్టిందా?" అన్నారు. ఆయన చర్చికి పోయే మనిషి. కానీ పసుపు రాసిన దర్వాజను ఏ ఇంట్లోనూ మళ్లీ తియ్యరని ఆయనకు బాగా తెలుసు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"పోనియ్యుండ్రి మేస్త్రీ, కట్టె మంచిదే కదా, ఎవరికి తెలుస్తది?" అన్నాను.

"నీకు తెల్వదా?" అంటూ ట్రాలీ ఆటో ఎక్కారు.

నేనూ ఎక్కాను. ఉద్యోగం పోయినట్టేనని నేను ఆయన్ని లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను. సాగర్ రోడ్డు ఎంతకీ తరగలేదు.

మేం దిగేసరికి ఇంటి పెద్దావిడ పసుపు గిన్నెలో వేళ్లు ముంచింది. "అమ్మా, జర ఆగుండ్రి!" అని మేస్త్రి అరిచారు. అందరూ తిరిగి చూశారు. ఆయన నావైపు చూశారు. "చెప్పు బిడ్డా."

చెప్పాను. "ముహూర్తం ముంగట గిదేంది? తీస్కపోండ్రి!" అని ఇంటాయన మండిపడ్డాడు. పెద్దావిడ వేళ్ల పసుపును చీర కొంగుకు తుడుచుకుంది.

ఇంకో ముహూర్తానికి సరైన కట్టె పంపాం. నా ఉద్యోగం పోలేదు. ఓనరుకు మేస్త్రి ఏం చెప్పారో నేనెప్పుడూ అడగలేదు. అడగాల్సింది.

నా కళ్లముందు నిలిచింది మాత్రం తిరిగొచ్చిన దారి. ట్రాలీలో ఆ దర్వాజకు అటొకరం, ఇటొకరం కూర్చున్నాం. నేను ఏడుస్తున్నాను. గుంత వచ్చినప్పుడల్లా ఆయన కట్టె అదరకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంటున్నారు.

"మంచి కట్టెనే బిడ్డా. మనమే పేరు తప్పు పెట్టినం. దానికి దెబ్బ తగలొద్దు."